ఇద్దరికి ఏ ఆర్‌వీ సరిపోతుంది? ముందు రాత్రులు లెక్కపెట్టుకోండి

ఆర్‌వీ, అంటే లోపలే ఇల్లున్న బండి, కొనాలనుకునే జంటలు మమ్మల్ని మొదట అడిగేది పొడవు గురించే. "పాతిక అడుగులు చాలుతుందా, ముప్పై తీసుకోవాలా?" అని. నేను తిరిగి అడిగేది ఇంకొకటి: "ఒక్కో చోట ఎన్ని రాత్రులు ఉంటారు?" దీనికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. మా దగ్గరా లేదు, అందుకే రెండుసార్లు కొనాల్సి వచ్చింది.

పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక మేమిద్దరం మొదలుపెట్టాం. ముందు పది రోజులకి ఒక క్లాస్ సీ అద్దెకి తీసుకున్నాం. తరవాత 27 అడుగుల వాడిన ట్రావెల్ ట్రైలర్ కొని మూడేళ్లు లాగాం. మధ్యలో ఒక వారం వ్యాన్‌లో తిరిగాం. ఇప్పుడు రెండేళ్లుగా 24 అడుగుల క్లాస్ సీ నడుపుతున్నాం. అన్నీ అమెరికా రోడ్ల మీదే, కాబట్టి లెక్కలు మైళ్లలో, పౌండ్లలో, గ్యాలన్లలో చెబుతాను.

కొత్తవాళ్ల కోసం పేర్లు. క్లాస్ ఏ అంటే బస్సు లాంటిది, ముందు అద్దం గోడంత ఉంటుంది. క్లాస్ సీ అంటే ట్రక్కు ముందు భాగానికి వెనక ఇల్లు కట్టినట్టు ఉంటుంది, డ్రైవర్ నెత్తి మీద చిన్న అటక లాంటి పడక కూడా. అక్షరాల వరస చూసి బీ మధ్య సైజు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. క్లాస్ బీ అంటే వ్యాన్, అన్నిటిలోకీ చిన్నది. ఇక లాగేవి రెండు. బండి వెనక హిచ్‌కి, అంటే లాగే కొక్కేనికి, తగిలించేది ట్రావెల్ ట్రైలర్, పికప్ ట్రక్కు తొట్టి మీద కూర్చునేది ఫిఫ్త్ వీల్.

రాత్రుల లెక్కే అసలు లెక్క

ట్రైలర్‌తో ఒక చోటికి చేరాక ఏం చేస్తామో వరసగా చెబుతాను. చోటు చూసుకుని రివర్స్ చేయాలి. పక్కల ఎత్తుపల్లాలు సరిచేయడానికి చక్రాల కింద పలకలు పెట్టాలి. చక్రాలు కదలకుండా అడ్డు చెక్కలు పెట్టాలి. ట్రక్కు విప్పాలి. ముందు జాక్ తిప్పి ముందువెనకలు సమం చేయాలి. నాలుగు మూలలా కాళ్లు దించాలి. కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం తగిలించాలి. స్లైడ్, అంటే గదిని వెడల్పు చేసే జారుడు గోడ భాగం, బయటికి జరపాలి. బాగా అలవాటయ్యాక కూడా మాకు నలభై నిమిషాలు పట్టేది. వానలో అయితే గంట. పొద్దున్నే మళ్లీ ఇదంతా తలకిందులుగా.

ఇప్పుడున్న క్లాస్ సీతో అదే పని పావుగంటలో అయిపోతుంది. వ్యాన్‌లో అయితే ఇంజన్ ఆపి కర్టెన్ వేయడమే.

కాబట్టి రోజుకో ఊరు తిరిగే జంట ట్రైలర్ కొంటే రెండో వారానికే విసుగొస్తుంది. మా మొదటి పొరపాటు అదే. కొత్తలో మా ప్రయాణాలన్నీ "ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ" తరహాలో ఉండేవి. సాయంత్రం ఐదింటికి చేరి, ఇద్దరం అలిసిపోయి, సరిగ్గా రివర్స్ చేసేటప్పుడే పోట్లాడుకునేవాళ్లం.

"ఏవండీ, ఆపండి ఆపండి!"

"ఎక్కడ ఆపమంటావు? ముందు నువ్వు అద్దంలో కనపడు!"

ఆ గొడవకి మందు చిన్నదే. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేయడం, కుడి ఎడమ అనకుండా "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు" అనడం. ఈ మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

అదే ఒక్కో చోట వారం, పది రోజులు ఉండేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. ట్రైలర్ విప్పి పెట్టేస్తే ట్రక్కు ఖాళీ. పాలకి, మందులకి, కొండ మీదికి హాయిగా వెళ్లొచ్చు. క్లాస్ సీలో పాల ప్యాకెట్ కావాలన్నా ఇల్లంతా సర్దాలి. కరెంటు తీగ పీకి, స్లైడ్ లోపలికి లాగి, కెటిల్ సింకులో పెట్టి, అలమారాలకి గడియలు వేసి బయల్దేరాలి. మొదటిసారి ఒక గడియ మరిచిపోయాం. మొదటి మలుపులోనే కందిపప్పు డబ్బా కిందపడి గింజలు నేలంతా పరుచుకున్నాయి. ఆ గింజలు స్లైడ్ సందులోంచి ఆరు నెలల దాకా వస్తూనే ఉన్నాయి.

దీనికి విరుగుడుగా క్లాస్ ఏ, క్లాస్ సీ వాళ్లు వెనక చిన్న కారు లాక్కెళ్తారు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాగడానికి అన్ని కార్లూ పనికిరావు. గేర్‌బాక్స్ పాడవుతుంది. జీప్ రాంగ్లర్ లాంటివి అందుకే అంతమంది వెనక కనపడతాయి. కారు మాన్యువల్‌లో ఈ మాట స్పష్టంగా రాసి ఉంటుంది, అది చూడకుండా హిచ్ కొనకండి. కారు తగిలించాక వెనక్కి వెళ్లడం కుదరదని కూడా గుర్తుంచుకోండి. పెట్రోల్ బంకులో తప్పు దారిన దూరితే కారు విప్పాల్సిందే.

నా లెక్క ఇది. సగటున మూడు రాత్రుల లోపు అయితే వ్యాన్ లేదా పొట్టి క్లాస్ సీ. ఐదు రాత్రులు దాటితే ట్రైలర్. నెలల తరబడి ఒకే చోట ఉండేవాళ్లకి ఫిఫ్త్ వీల్ అంత సుఖమైన ఇల్లు ఇంకోటి లేదు. మూడుకీ ఐదుకీ మధ్య ఉన్నవాళ్లు ఎటు తిరిగినా కొంత రాజీ పడాల్సిందే. మేమూ ఆ బాపతే.

బండి చెడితే ఇల్లు ఎక్కడ?

అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు. పోయినేడాది ప్రయాణం మధ్యలో మా క్లాస్ సీ ఆల్టర్నేటర్ పోయింది. గ్యారేజీకి చేర్చాం. భాగం రావడానికి మూడు రోజులన్నారు. బండి గ్యారేజీలో ఉందంటే ఇల్లు గ్యారేజీలో ఉన్నట్టే. వాళ్ల పార్కింగ్‌లోనే పడుకున్నాం. రాత్రంతా కంప్రెసర్ చప్పుడు, పొద్దున ఏడింటికే తలుపు పక్కన మెకానిక్కుల కబుర్లు. ట్రైలర్ ఉన్న రోజుల్లో ట్రక్కు చెడితే ట్రక్కు మాత్రమే గ్యారేజీకి వెళ్లేది, మేం చెట్టు కింద కాఫీ తాగుతూ కూర్చునేవాళ్లం. అందుకని మోటార్‌హోమ్, అంటే ఇంజన్ తనకే ఉన్న ఆర్‌వీ, మానేయమని కాదు. దారిలో చెడితే ఆర్‌వీని కూడా లాక్కెళ్లే రోడ్‌సైడ్ సాయం ప్లాన్ ఉండాలి, కారు ప్లాన్ చాలదు.

లాగే బలం కాదు, మోసే బలం చూడండి

ట్రైలర్ వైపు మొగ్గేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "ఈ ట్రక్కు పది వేల పౌండ్లు లాగుతుంది, మీ ట్రైలర్ ఆరున్నర వేలే, ఇక టెన్షన్ ఎందుకు?" అంటారు. మాకూ అలాగే చెప్పారు. చూడాల్సింది డ్రైవర్ తలుపు తీశాక ఫ్రేమ్ మీద అతికించి ఉండే చీటీని. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో ఉంటుంది. అదే పేలోడ్.

నిండుగా సర్దిన ట్రైలర్ 6,500 పౌండ్లు అనుకోండి. ట్రావెల్ ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద పడాలి, లేకపోతే వెనక ఊగుతుంది. పన్నెండు శాతం వేసుకుంటే 780 పౌండ్లు. ఇద్దరు మనుషులు 320. బరువు పంచే హిచ్ 80. ట్రక్కు తొట్టిలో కుర్చీలు, పనిముట్లు, చిన్న జనరేటర్ కలిపి 150. మొత్తం 1,330. చీటీ మీద 1,450 ఉంటే మిగిలింది 120 పౌండ్లు, అంటే ఒక పెద్ద కుక్క. చీటీ మీద 1,300 ఉంటే ఆ ట్రక్కు ఆ ట్రైలర్‌కి చాలదు, లాగే బలం పది వేలైనా సరే.

నీళ్లు ఈ లెక్కలో వేసుకోని వాళ్లే ఎక్కువ. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. నలభై గ్యాలన్ల ట్యాంకు నింపితే దాదాపు 334 పౌండ్లు ట్రైలర్‌కి చేరతాయి. ట్యాంకు ఇరుసుకి ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి హిచ్ మీద బరువు పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు.

ఫిఫ్త్ వీల్‌కి ఈ లెక్క ఇంకా గట్టిది. దాని బరువులో సుమారు ఐదో వంతు ట్రక్కు మీదే కూర్చుంటుంది. పన్నెండు వేల పౌండ్లదైతే 2,400. హాఫ్ టన్ అని పిలిచే మామూలు తరగతి పికప్ మోయలేదు. బదులుగా దొరికేది స్థిరత్వం. పక్కనుంచి పెద్ద లారీ దూసుకెళ్లినా ట్రావెల్ ట్రైలర్‌లా తోక ఊపదు. ఎత్తు మాత్రం పదమూడు అడుగుల దాకా వెళ్తుంది. న్యూయార్క్‌లో పార్క్‌వేలు అనే రోడ్ల మీద వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి, కారు మ్యాప్ నమ్ముకుని అటు వెళ్లారంటే పైకప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే. బాల్టిమోర్ నౌకాశ్రయం కింది సొరంగాల్లోకి ఆర్‌వీ ప్రొపేన్ సిలిండర్లతో వెళ్లనివ్వరు. ఇది మాత్రం చిన్న బండికీ వర్తిస్తుంది.

లోపల: మంచం, స్నానం, తలుపు

జంటలు షోరూమ్‌లో సోఫా చూస్తారు, ఓవెన్ చూస్తారు, పొయ్యి కింద వెలిగే నీలం లైట్లు చూస్తారు. చూడాల్సింది మంచం. మేం మొదట అద్దెకి తీసుకున్న బండిలో మంచం మూలకి ఉండేది. మూడు వైపులా గోడ. గోడ పక్కన పడుకున్న మనిషి రాత్రి లేవాలంటే ఇంకొకరి మీదుగా పాకాలి. గోడ పక్క నేనే. యాభై దాటాక రాత్రి ఒక్కసారైనా లేవని వాళ్లెవరు? పది రోజుల్లో ఇద్దరికీ ఒక్క రాత్రి కూడా సరైన నిద్ర లేదు. ఆ మంచానికి దుప్పటి మార్చడం ఇంకో యాతన. మోకాళ్ల మీద కూర్చుని, మనం కూర్చున్న చోటే పరుచుకోవాలి.

అందుకే ట్రైలర్ కొన్నప్పుడు రెండు వైపులా దిగే మంచం ఉన్నదే చూశాం. ఇప్పటి క్లాస్ సీలో మధ్య దారి వదిలి రెండు విడి మంచాలు. ఇల్లు చూసినవాళ్లు కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి, మాకు నిద్ర పడుతోంది.

వ్యాన్‌లో స్నానాల గది, టాయిలెట్ ఒకటే పెట్టె. స్నానం చేస్తే టాయిలెట్ సీటు, గోడలు, టిష్యూ పెట్టే చోటు అన్నీ తడుస్తాయి. ప్రతిసారీ తుడవాలి. క్యాంప్‌గ్రౌండ్ స్నానాల గదులు వాడుకునేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. మాకు మాత్రం నాలుగో రోజుకే విసుగెత్తింది.

ఇద్దరిలో ఒకరు ఇంకా ఉద్యోగం చేస్తుంటే, మధ్యలో ఒక గట్టి తలుపు ఉందో లేదో చూడండి. జారే గుడ్డ తెర కాదు, తలుపు. మావారు మీటింగ్‌లో ఉండగా నేను పోపు వేస్తే పొగ అలారం మోగి, అవతల పన్నెండు మంది విన్నారు. వ్యాన్‌లో ఇద్దరూ ఉద్యోగం చేయడం కుదరదనే నా అభిప్రాయం. చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల ఓపికకి దండం.

వాన రోజు పరీక్ష కూడా ఒకటుంది. బండిలో ఇద్దరూ ఒకేసారి, ఒకరి కాళ్లు ఒకరికి తగలకుండా, వీపు ఆనించి కూర్చునే రెండు చోట్లు ఉన్నాయా? నిక్కచ్చిగా చూస్తే చాలా బండ్ల లోపలి అమరికల్లో ఒక్కటే ఉంటుంది, రెండోది డైనింగ్ బల్ల దగ్గర నిటారు బెంచీ.

పార్కులు ఎవర్ని రానిస్తాయి

నేషనల్ పార్కుల కోసమే కొంటున్నట్టయితే పొడవు మాట ఇక్కడ నిజంగా వస్తుంది. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద కొండ భాగంలోకి 21 అడుగుల కంటే పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న బండ్లని వదలరు. పొట్టి వ్యాన్ వెళ్తుంది, 24 అడుగుల వ్యాన్ వెళ్లదు, మా క్లాస్ సీ సరేసరి. ట్రైలర్ వాళ్లు మాత్రం ఇల్లు కింద వదిలేసి, కొలతకి సరిపోతే ట్రక్కులో పైకి వెళ్లిపోతారు. పెద్ద బండే అక్కడ నెగ్గడం చూస్తే నవ్వొస్తుంది.

గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు దాటకూడదు, కరెంటు, నీళ్లు తగిలించుకునే హుకప్‌లు లేవు. పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో పెద్ద బండ్లకీ చోటుంది, అన్ని హుకప్‌లూ ఉన్నాయి. యెల్లోస్టోన్‌లో పూర్తి హుకప్‌లు దొరికేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులోనే. అక్కడ ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడల బండ్లకే అనుమతి. గుడ్డ గోడలు మడిచే పాప్‌అప్ ట్రైలర్ కొంటే అక్కడ దిగలేరు. పాత పార్కుల క్యాంప్‌గ్రౌండ్లు ఇంత పెద్ద బండ్లు రాకముందు వేసినవి, మలుపుల్లో చెట్లు దగ్గరగా ఉంటాయి. 25 అడుగుల లోపు ఉంటే బుకింగ్ సమయంలో దొరికే చోట్లు బాగా పెరుగుతాయి. ఈ ఒక్క కారణానికే మేం 27 నుంచి 24కి దిగాం.

హుకప్‌లా, అడవిలోనా

పడమటి రాష్ట్రాల్లో బీఎల్‌ఎం అనే కేంద్ర ప్రభుత్వ శాఖ భూముల్లో చాలాచోట్ల ఉచితంగా ఉండొచ్చు. మామూలు నిబంధన 28 రోజుల్లో 14 రోజులు. చలికాలమంతా ఎండలో గడపాలనుకునేవాళ్లకి అరిజోనాలో క్వార్ట్జ్‌సైట్ దగ్గర సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండనిచ్చే ప్రాంతం వేరుగా ఉంది, దానికి సీజన్ పర్మిట్ కొనుక్కోవాలి. డబ్బు బాగా మిగులుతుంది. కానీ అక్కడ కరెంటు మనమే తెచ్చుకోవాలి.

12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిజంగా వాడుకోదగ్గది సగమే, సుమారు 600 వాట్ అవర్లు. అదే సైజు లిథియం దాదాపు 1,200 ఇస్తుంది, బరువూ తక్కువ. ఫ్రిజ్ ఏ రకమో కూడా అడగండి. ప్రొపేన్ మీద నడిచేది బ్యాటరీని పెద్దగా తినదు, కానీ బండి సమంగా నిలబడాలి. కంప్రెసర్ ఫ్రిజ్ ఎలా నిలబెట్టినా చల్లబరుస్తుంది, పగలూ రాత్రీ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. అడవిలో ఉండాలనుకుని కంప్రెసర్ ఫ్రిజ్, ఒక్క లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న బండి కొంటే రెండో రోజు పొద్దునకే పాలు విరుగుతాయి.

క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండేవాళ్లకి ఈ గొడవ లేదు, అక్కడ తేడా 30 ఆంప్ కరెంటు కనెక్షన్‌కీ 50 ఆంప్ కనెక్షన్‌కీ. ముప్పై అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, కెటిల్ ఒక్కోటీ సుమారు 1,500 తీసుకుంటాయి, మూడూ కలిసి ఆడవు. "ఏసీ కట్టేశాను, నువ్వు టీ పెట్టుకో" అనే మాట ముప్పై ఆంప్ కాపురాల్లో రోజూ వినపడుతుంది. యాభై ఆంప్‌లో రెండు తీగలు వస్తాయి కాబట్టి 12,000 వాట్లు. రెండు ఏసీలున్న బండికే అది అవసరం. ఇద్దరికి ముప్పై చాలు.

మురుగు గురించి క్లుప్తంగా. ఇద్దరికి టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకు వారం వస్తుంది, గిన్నెలు కడిగిన నీళ్లుండే గ్రే ట్యాంకు అంతకు ముందే నిండుతుంది. కాబట్టి కొనేటప్పుడు గ్రే ఎన్ని గ్యాలన్లో చూడండి. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తరవాత గ్రే, సబ్బు నీళ్లకి గొట్టం శుభ్రమవుతుంది. హుకప్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్లు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. దాన్ని వదిలించిన కథ భోజనాల ముందు చెప్పేది కాదు.

డబ్బు, పాత బండి

చిన్నది కదా అని వ్యాన్ చవకనుకోకండి. కొత్తవి లక్షన్నర డాలర్లు దాటడం మామూలే, అది పెద్ద క్లాస్ సీ ధరకి తీసిపోదు. బదులుగా గ్యాలన్‌కి సుమారు 15 నుంచి 20 మైళ్లు ఇస్తుంది. క్లాస్ సీ పది అటూ ఇటూ, పెట్రోల్ క్లాస్ ఏ ఏడెనిమిది. లాగగలిగే ట్రక్కు ఇప్పటికే ఇంట్లో ఉంటే అన్నిటికంటే చవక దారి వాడిన ట్రైలరే.

పాతది చూసేటప్పుడు మూలల్లో నేలని మడమతో నొక్కండి, మెత్తగా దిగితే నీళ్లు దూరాయని అర్థం. అలమారా తెరిచి ముక్కు పెట్టండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే నంబరు చివరి నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రైలర్ టైర్లు గాట్లు నిండుగా ఉండగానే వయసు మీద పోతాయి.

ఏది కొన్నా ముందు నాలుగు రాత్రులు అద్దెకి తీసుకోండి, అందులో ఒక రోజు ఎక్కడికీ వెళ్లకుండా లోపలే ఉండండి. రివర్స్ ఇద్దరూ చేయండి. మా ఇంట్లో మొదటి రెండేళ్లు మావారే నడిపేవారు, ఒకసారి ఆయనకి నడుము పట్టేస్తే నేను చక్రం పట్టుకోవడానికి భయపడి రెండు రోజులు ఎక్కువ డబ్బు కట్టి అక్కడే కూర్చున్నాం.

మా ట్రైలర్ అమ్మకానికి పెట్టినప్పుడు ఆరేడు జంటలు వచ్చి చూశాయి. అందరూ స్లైడ్ ఆడించి చూశారు, టీవీ ఎక్కడ పెట్టుకోవాలని అడిగారు. చివరికి కొన్నామె మాత్రం లోపలికి రాగానే చెప్పులు విప్పి మంచం మీద పడుకుంది. భర్తని అవతల వైపు పడుకోమంది. తను ఇటు దిగింది, ఆయన్ని అటు దిగమంది. తరవాత గ్రే ట్యాంకు ఎన్ని గ్యాలన్లని అడిగింది. ఓవెన్ తలుపు తీసి కూడా చూడలేదు. పావుగంటలో బేరం కుదిరింది.